ఏడ్నో వాన గొడితే

14 జూన్ 2025, శనివారం

ఇవాళ పదకొండు గంటలప్పుడు, పానగల్‌లో గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాపుతుండగా, నా భార్య నవ్వు వేరేవాళ్ళ ఫోనులో విన్నాను.

ఫోను విజేందర్‌ది. మా పశువుల దవాఖానలో నా కింద పనిచేస్తాడు. శ్రావణంలో పెళ్ళి. పెళ్ళికి ముందు తీయించుకునే వీడియోకు పాట వెతుక్కుంటున్నాడు. “అన్నా, గీ పాట ఇను. ఆఫ్రికా పిలగాడు, మన పిల్ల. పాతదే గని ఇప్పుడందరు గిదే పెట్టుకుంటున్నరు” అన్నాడు.

నేను ఒక గొర్రె దవడ పట్టుకుని ఉన్నాను. ముందు దరువు వచ్చింది. తర్వాత ఒక మగగొంతు, నాకు తెలియని భాషలో, గబగబా, ప్రేమగా కోప్పడుతున్నట్టు. ఆ గొంతు ఆగాక, ఆడగొంతు ఎత్తుకునే ముందు ఒక చిన్న నవ్వు. ముక్కులో మొదలై గొంతులో ఆగిపోయే నవ్వు. అది నిరోషది. తొమ్మిదేళ్ళలో నేను దాన్ని మూడుసార్లో నాలుగుసార్లో విన్నాను. ఆ తర్వాత పాడింది.

ఏడ్నో వాన గొడితే
ఈడ నా కొంగు దడిసె

గొర్రె తప్పించుకుంది. మందు నా చొక్కా మీద పడింది. మన యాసే గదా అని విజేందర్ అడిగితే, ఏమో, వరంగల్ వైపుదేమో అన్నాను.

ఇంటికొచ్చాక నిరోష చొక్కా మీద మరకేమిటని అడిగింది. మందు అని చెప్పాను. అది నిజమే.

15 జూన్, ఆదివారం

పాట నా ఫోనులో దొరికింది. 2014 ఆగస్టులో పెట్టారు. బొమ్మ ఒక్కటే ఉంది, బండరాళ్ళ మీద కూర్చున్న ఇద్దరిది, వెనకనుంచి తీసింది. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత జాగా ఉంది. అంత జాగా ఎందుకు వదిలారు? ఫొటో కోసం వదిలి ఉండొచ్చు.

పాడినవాళ్ళు బరాకా, నీరో అని ఉంది. నిరోషను నేనెప్పుడూ నీరో అని పిలవలేదు. ఏమని పిలుస్తానా అని ఆలోచించాను. “ఏయ్” అంటాను. పాప పుట్టాక “పాపా, మీ అమ్మను పిలువు” అంటాను.

కింద వందల కామెంట్లు. ఎక్కువ ఆఫ్రికావాళ్ళవే. ఈ పాట వింటూనే మా ఇద్దరికీ కుదిరిందని ఒకతను, కాలేజీ రోజులు గుర్తొచ్చి ఏడ్చానని ఒకామె రాశారు. “ఈ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో ఎవరికైనా తెలుసా?” అని ఎవరో అడిగారు. దానికి జవాబు లేదు. ఆ అమ్మాయి గోడ అవతల చాటలో బియ్యం చెరుగుతోంది.

బరాకా టాంజానియావాడని ఆ కామెంట్లలోనే ఉంది. హైదరాబాదులో చదివాడట. నిరోష కూడా 2012 నుంచి 2014 దాకా అక్కడే ఎం.ఏ. చదివింది. మా పెళ్ళి 2016లో.

నేను అనుమానపు మనిషిని కాదు. ఈ మాట ఆఫీసులో ఎవర్నడిగినా చెబుతారు.

16 జూన్

వాడి మాటల్ని ఫోనుకు వినిపించి తెలుగులోకి మార్చి చూశాను. “నా ప్రియా, నీ భాష నాకు రాదు, నీ వాన నాకు తెలుసు” అని వచ్చింది. మూడుసార్లు వినిపించాను. మూడుసార్లూ అదే.

17 జూన్, మంగళవారం

తలస్నానం చేసింది. మంగళవారం ఎప్పుడూ చేయదు.

19 జూన్, గురువారం

పొద్దున అడిగాను. నేరుగా కాదు. నిరోష ఇక్కడే ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిషు చెబుతుంది. టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది. విజేందర్ చెల్లెలు హైదరాబాదులో చేరుతోందట, అక్కడ విదేశాలవాళ్ళు కూడా చదువుతారా అన్నాను. విజేందర్‌కు చెల్లెలు లేదు.

ఉంటారని చెప్పింది. మా అప్పుడు సూడానువాళ్ళు, టాంజానియావాళ్ళు ఉండేవాళ్ళంది. మంచివాళ్ళేనా అని అడిగాను.

“మనలెక్కనే” అంది.

డబ్బా మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. మూతకు రెండుసార్లు ఎందుకు? ఆ డబ్బా మూత కొన్నప్పటినుంచీ సరిగ్గా కూర్చోదు. రెండు సంగతులూ రాసి పెడుతున్నాను.

22 జూన్, ఆదివారం

హుజూర్‌నగర్ వెళ్ళి వచ్చాను. మా అత్త జానమ్మ బర్రె కుంటుతోందని పోయినవారం ఫోనులో అంది. ఆదివారం పూట అల్లుడు బర్రె గిట్ట చూడటానికి అంత దూరం వస్తే ఎవరికైనా సంతోషమే. ఆమె నాట్లు వేసే ముఠాకు పెద్ద. ఇరవైమంది ఆడవాళ్ళు ఆమె పాట మీదే నాటు వేస్తారు.

గిట్టలో ఇరుక్కున్న రాయి తీస్తూ, ఏడ్నో వాన గొడితే అని పాటేమన్నా ఉందా అత్తమ్మా అన్నాను. ఆమె వెనక్కి తిరగకుండానే రెండో చరణం, మూడో చరణం ఎత్తుకుంది. ఆమె తల్లి పాడిందట. నీకెట్లా తెలుసంటే, దవాఖానలో ఎవరో అనుకుంటుంటే విన్నానన్నాను.

“నా బిడ్డ నాకంటె మంచిగ పాడుతుండె కొడుకా. పెండ్లయినంక బంద్ వెట్టింది. నీకు నచ్చదట గద.”

నేనెప్పుడూ అలా అనలేదు. బండి మీద నల్లగొండ చేరేదాకా ఆలోచించాను. అనలేదు. అలాంటప్పుడు తల్లితో ఎందుకు చెప్పింది? పాట మానడానికి వేరే కారణం ఉండి ఉంటుంది. దాన్ని నా మీద పెట్టింది.

24 జూన్, మంగళవారం

నిరోష మేడ మీద బట్టలు ఆరేస్తుండగా ఆమె ఫోనుకు మెసేజి వచ్చింది. పాప బడినుంచేమోనని చూశాను. నంబరు ముందు 255 ఉంది. అది టాంజానియా.

ఇంగ్లిషులో రాశాడు. నీరో, నేను బరాకాను. నీ నంబరు దొరకడానికి చాలా రోజులు పట్టింది. నిన్ను ఒక్కటి అడగాలి. నా దగ్గర ఎక్కువ రోజులు లేవు.

ఆ నంబరు బ్లాక్ అయిపోయింది.

25 జూన్

నంబరు దానంతట అది బ్లాక్ కాదు. నేనే చేశాను. అంతకు ముందు, “నువ్వెవరో నాకు తెలియదు, ఇంకెప్పుడూ మెసేజి పెట్టకు” అని ఆమె రాసినట్టుగా రాసి పంపాను. రెండూ చెరిపేశాను. ఆమె బకెట్టు చప్పుడు మెట్ల మీద వినిపించేసరికి ఫోను ఎక్కడుందో అక్కడే పెట్టాను.

తప్పేముంది? పెళ్ళయిన ఆడమనిషికి పదకొండేళ్ళ తర్వాత మెసేజి పెట్టేవాడు మంచివాడెలా అవుతాడు? రోజులు లేవట. ఇలాంటి మాటలు చెప్పి మనుషుల్ని మోసం చేసేవాళ్ళ గురించి పేపర్లో రోజూ వస్తూనే ఉంది. ఆమెను కాపాడాను.

28 జూన్, శనివారం

నిరోష, పాప అంగడికి వెళ్ళారు. చెదలు పట్టాయేమో చూద్దామని బీరువా తీశాను. ఇనప బీరువా.

ఆమె సర్టిఫికెట్ల కవరులో హోమియో మాత్రల సీసా ఒకటుంది. మాత్రలు లేవు. దూదిలో చుట్టి, గోరంత మెమొరీ కార్డు ఉంది. నా జేబులో వేసుకున్నాను.

30 జూన్, సోమవారం

విజేందర్ ఊళ్ళమీదికి వెళ్ళాక దవాఖాన కంప్యూటర్లో పెట్టి విన్నాను. ఫొటోలు లేవు, వెతికాను. ఇరవైమూడు రికార్డింగులు ఉన్నాయి. అన్నీ విన్నాను. భోజనం చేయలేదు.

అన్నీ ఆ పాటే. తప్పులు, ఆపడాలు, మళ్ళీ మొదలుపెట్టడాలు. వాడికి కొంగు అనడం రాదు. కోంగో అంటాడు. కాంగో వేరే దేశం, నీ పక్కనే ఉంటుంది కదా అని ఆమె ఇంగ్లిషులో అంటుంది, ఇద్దరూ నవ్వుతారు. మైకు సరిచూసుకోవడానికి వాడు ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెడతాడు. ఏడు దాకా వచ్చి మరిచిపోతాడు. ఆమె అందిస్తుంది. ఒక రికార్డింగులో దరువు గురించి గట్టిగా పోట్లాడుకున్నారు. నా నిరోష అంత గట్టిగా మాట్లాడగలదని నాకు తెలియదు. నాతో ఎన్నడూ పోట్లాడలేదు. అది మంచి కాపురం లక్షణమనుకున్నాను.

నేను దేనికోసం వింటున్నానో కూడా రాయాలి. ఇద్దరూ ఒకరికొకరు దగ్గరగా జరిగిన చప్పుడు కోసం విన్నాను. గొంతు మారడం కోసం, ఊపిరి కోసం విన్నాను. కుర్చీ కిర్రుమన్నా వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను.

పద్దెనిమిదోదాంట్లో దొరికింది. పాట అయిపోయింది. తర్వాత ఆమె నెమ్మదిగా, మన మాటల్లో, “నువ్వు పోయినంక నేనేం జెయ్యాలె” అంది. వాడికి అర్థం కాలేదు. ఏమన్నావని ఇంగ్లిషులో అడిగాడు. ఏం లేదు, తాళం గురించి అంది ఆమె.

కార్డును ఖాళీ టీకా సీసాలో వేసి, మూత పెట్టి, నా సొరుగులో రిజిస్టర్ల కింద పెట్టాను.

1 జూలై

రాయడానికేమీ లేదు.

2 జూలై, బుధవారం

బడినుంచి రాగానే బీరువా ముందు కూర్చుంది. చీరలన్నీ మంచం మీద వేసింది. కవరులో కాగితాలు ఒక్కొక్కటే దులిపింది. బీరువా ఎవరైనా ముట్టుకున్నారా అని నన్నడిగింది. ఎలుకేమో అన్నాను.

“ఎలుక తాళం తీస్తదా?” అంది.

ఏళ్ళుగా తీయనిది ఇవాళే ఎందుకు వెతుకుతోంది? వాడితో ఇంకో దారిలో మాట్లాడుతోంది. నంబరు ఆపితే ఆగేది కాదు ఇది.

5 జూలై, శనివారం

నిరోష సగం రోజు సెలవు పెట్టి నకిరేకల్ బస్సెక్కింది. నాకు చెప్పలేదు. బడికి వెళ్ళి కనుక్కుని, బస్టాండులో ఆమెను చూసి, బండి మీద బస్సు వెనకాలే వెళ్ళాను. ఇది రాస్తుంటే నేనే నమ్మలేకపోతున్నాను. ఉద్యోగంలో ఉన్న నలభై ఏళ్ళ మనిషిని, నిమ్మకాయల లారీ చాటున బండి నడుపుకుంటూ.

నకిరేకల్‌లో పీర్ల పండుగ సందడి ఉంది. ఆమె నిమ్మకాయల మార్కెట్ దాటి ఒక బట్టలు కుట్టే దుకాణంలోకి వెళ్ళింది. నేను ఎదురుగా బస్తాల పక్కన నిలబడ్డాను. మగవాడెవడైనా లోపలికి పోతాడేమోనని చూశాను. ఒక ముసలాయన పోయాడు, లుంగీ తీసుకుని వచ్చేశాడు. పావుగంటకు దుకాణం ఆమె బయటికి వచ్చి, రోడ్డు దాటి, నా ముందు నిలబడింది. గజాలా. హాస్టల్లో నిరోషతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలు. మా పెళ్ళిలో చూసినట్టు గుర్తు.

“ఎండల ఎందుకన్నా, లోపటికి రా. నువ్వు వస్తవని నిరోష చెప్పింది” అంది.

లోపల కుట్టు మిషన్ల మధ్య నిరోష స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. గజాలా నాకు చాయ్ తెప్పించి, నేను ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. పాట పాడిన సంవత్సరమే రాష్ట్రం వచ్చింది కదా, జూన్ రెండున పిల్లలందరూ రోడ్ల మీదే ఉన్నారట. బరాకా వీళ్ళను పట్టుకుని, ఎందుకింత సంబరమని అడిగాడట. “ఇక మా మాటను చూసి ఎవరూ నవ్వరు, అందుకు” అని నిరోష చెప్పిందట. అప్పటికి వాళ్ళ పాటకు ఆమె పుస్తకాల తెలుగులో ఏవో నాలుగు ముక్కలు రాసి పెట్టుకుంది. వాడు అవి పక్కన పెట్టించి, అయితే ఆ మాటలోనే పాడు, మీ అమ్మ ఎలా పాడుతుందో అలా పాడు అన్నాడట. హాస్టలు వెనక ఒక మేడ మీది గదిలో గోడలకు రగ్గులు కట్టి, నెలరోజులు పాడారట. గజాలా బయట మెట్ల మీద కూర్చుని, ఎవరైనా చప్పుడు చేస్తే తరిమేదట. చెబుతూ చెబుతూ ఆమె కళ్ళు తుడుచుకుంది. “అసొంటి దినాలు మల్ల రావన్నా” అంది.

తర్వాత అసలు సంగతి చెప్పింది. బరాకాకు గొంతులో క్యాన్సర్. ఈ నెల పదిహేనున ఆపరేషను. గొంతుపెట్టె మొత్తం తీసేస్తారు. ఆ తర్వాత మాట ఉండదు. పాత రికార్డింగులు శుభ్రంగా ఉంటే, అతను రాసిన మాటల్ని అతని గొంతులాంటి గొంతుతోనే చదివి వినిపించేలా ఫోనులో ఏర్పాటు చేయొచ్చని వాళ్ళకెవరో చెప్పారు. అతని లాప్‌టాప్ ఎప్పుడో పోయింది. ఇప్పటి గొంతు అప్పుడే చెడిపోయింది. పాటలో దరువు కలిసిపోయి ఉంది, అది పనికిరాదు. విడిగా అతను మాట్లాడిన గొంతు, పాడిన గొంతు ఉన్నది నిరోష దగ్గరున్న కార్డులో ఒక్కటే. బరాకా చెల్లెలు నీమా వెతికి వెతికి గజాలాను పట్టుకుంది. నీమాకు నిరోష నంబరు ఇచ్చింది గజాలానే. నువ్వెవరో తెలియదని జవాబు వచ్చిందని నీమా ఏడిస్తే, గజాలా నిరోషకు ఫోను చేసింది.

నేను చాయ్ గ్లాసు వైపే చూస్తున్నాను. నిరోష అప్పుడు నోరు విప్పింది.

“కార్డు యాడుంది?”

“నాకేం ఎర్క” అన్నాను.

7 జూలై, సోమవారం

రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. అన్నం పెడుతుంది. పాపతో మాట్లాడుతుంది.

నేను తొందరపడకూడదు. క్యాన్సర్ అని ఎవరైనా చెప్పొచ్చు. గజాలా వీళ్ళ మనిషి. మనిషి గొంతుతో ఫోనే మాట్లాడటం అబద్ధమేమోనని వెతికాను. నిజంగానే ఉందట. ఉంటే మాత్రం? వీడికి ఆ జబ్బే ఉందని రుజువేమిటి? ఇదంతా మళ్ళీ కలవడానికి కట్టిన కథ కాదని ఎవరు చెప్పగలరు?

ఇంకొకటి గుర్తొచ్చింది. మా పెళ్ళయిన ఏడాది బతుకమ్మకు నిరోష మా వాడలో ముందు నిలబడి పాట ఎత్తుకుంది. వాడకట్టంతా వినిపించింది. మీ ఇంట్లోకి మైకు తెచ్చుకున్నవా అని మా పెదనాన్న కొడుకు నవ్వాడు. ఆమె నీళ్ళకోసం ఇంట్లోకి వచ్చినప్పుడు, గొంతు జర తగ్గించు అన్నాను. అంతే. తగ్గించమన్నాను. మానెయ్యమనలేదు.

9 జూలై, బుధవారం

తిప్పర్తి దారిలో ఒక మందకు మందు తాపడానికి వెళ్ళాను. ఐలేశం అనే గొల్లాయన మంద. రెండు వందల జీవాలు. ఇన్నేళ్ళలో ఆ మందకు వెళ్ళడం ఇదే మొదటిసారి, అది విజేందర్ చూసే ఊరు.

జీవాలు మెట్ట చెలక అవతలి గట్టున మేస్తున్నాయి. దొడ్లోకి తోలమంటే, ఐలేశం భార్య నాగులమ్మ కూత పెట్టింది. ఒక్కటీ తల ఎత్తలేదు. మళ్ళీ పెట్టింది. ఐలేశం పక్కనే నిలబడి ఉన్నాడు, మెడకు తువ్వాల చుట్టుకుని. ఆయన పిలవడేమని అడిగాను. ఆయన తువ్వాల కాస్త కిందికి జరిపాడు. గొంతు మధ్యలో రంధ్రం ఉంది. పోయినేడు హైదరాబాదులో ఆపరేషను అయిందట.

“జీవాలకు ఈయన గొంతు ఎర్క సారూ, నాది ఎర్కలే” అంది నాగులమ్మ. “ఏడాదాయె, ఇంగ గూడ ఈయన పిలుస్తడేమో అని సూస్తున్నయి.”

ఐలేశం నోరు తెరిచాడు. పెదవులు పిలుపు పలికాయి. చప్పుడు రాలేదు. రంధ్రంలోంచి గాలి మాత్రం వచ్చింది. తర్వాత ఆయన కర్ర పట్టుకుని గట్టు దాకా నడిచి, చుట్టూ తిరిగి, ఒక్కొక్కదాన్నీ అదిలించి తోలుకొచ్చాడు. గంట పట్టింది. నేను సాయం వెళ్తానంటే చేత్తో వద్దన్నాడు.

మీ ఆయన గొంతు ఎక్కడైనా, ఫోనులోనైనా ఉందా అని నాగులమ్మనడిగాను. ఎందుకుంటుంది సారూ, పోతుందని మాకు తెలుసా అంది.

మందు తాపుతూ తల ఎత్తలేదు. దవాఖానకు వచ్చి సొరుగు తీశాను. సీసా అక్కడే ఉంది.

10 జూలై, గురువారం

ఇచ్చేశాను.

పొద్దున పాప బడి బస్సెక్కాక, వంటింట్లోకి వెళ్ళి సీసాను పొయ్యి గట్టు మీద పెట్టాను. మెసేజికి జవాబు రాసింది కూడా నేనేనని చెప్పాను. అది ఆమెకు మొదటినుంచే తెలుసు. అయినా నా నోటితో చెప్పేదాకా నా వైపు చూడలేదు. మూత తీసి కార్డును అరచేతిలో వేసుకుంది.

“ఇన్నవా?”

“ఇన్న.”

“అన్ని?”

“అన్ని.”

ఏ రికార్డింగు గురించి అడుగుతోందో ఇద్దరికీ తెలుసు. నేను తల దించుకున్నాను. ఆమె దించుకోలేదు.

“ఔ, ఇష్టపడ్డ” అంది. “ఆయనకు ఒక్కనాడు గూడ చెప్పలె. సదువైపోయింది, పోయిండు. నేను నిన్ను చేసుకున్న, ఎవ్వలు బలవంతం జెయ్యలె. నీ దగ్గర దాచిపెట్టాలని గాదు దామోదర్. నువ్వు అడిగితే చెప్తుంటి. ఫోన్ల ఎతికినవ్, బీరువల ఎతికినవ్, మా అమ్మను అడిగినవ్. నన్ను అడగలె.”

పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. తిట్టినట్టు లేదు. బడిలో తప్పు చేసిన పిల్లవాడిని నిలబెట్టి మాట్లాడుతున్నట్టు ఉంది.

బతుకమ్మనాడు అన్నమాట గురించి నేనే ఎత్తాను. తగ్గించమన్నానే గానీ అని మొదలుపెట్టాను. పూర్తి చేయలేకపోయాను. తొమ్మిదేళ్ళు తగ్గించే ఉంది.

బడికి సెలవు పెట్టి, బరాకా నంబరు మీది బ్లాకు తీసి, రికార్డింగులన్నీ ఫోనులోకి ఎక్కించి నీమాకు పంపింది. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెట్టాను. ఈ బుద్ధి పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో. పద్దెనిమిదోది దగ్గర ఆమె వేలు ఆగింది. అది పంపకపోయినా ఏంకాదు కదా అన్నాను.

“అండ్ల గూడ ఆయన గొంతు ఉన్నది” అని పంపేసింది.

11 జూలై

అందాయని నీమా రాసిందట. నిరోషే చెప్పింది. చెప్పాల్సిన పని లేదు, అయినా చెప్పింది. ఆ జబ్బు నిజమేనా అనే ఆలోచన పొద్దున ఒకసారి వచ్చింది. సిగ్గేసింది. వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

13 జూలై, ఆదివారం

బరాకా నుంచి గొంతు మెసేజి వచ్చింది. నాలుగు నిమిషాలు. నీ భర్తతో కలిసి విను అని పైన రాశాడు. నిరోష నన్ను పిలిచి పక్కన కూర్చోమంది.

గొంతు గరుగ్గా ఉంది. పాటలో వినిపించిన మనిషి కాదు. ప్రతి రెండు మాటలకూ ఊపిరి తీసుకుంటున్నాడు. ఆ గొంతులో అతని ఇంగ్లిషు నాకు ఒక్క ముక్కా అందలేదు. నిరోష ఆపుతూ, ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పింది.

నన్ను అన్నా అని పిలిచాడు. నాకు కృతజ్ఞతలు చెప్పాడు. నేను చేసిన పని అతనికి తెలియదు, నిరోష చెప్పలేదు. రికార్డింగులు రాగానే తన భార్యకు, ఇద్దరు కూతుళ్ళకు వినిపించాడట. చిన్నదానికి ఐదేళ్ళు. నాన్న ఇట్లా మాట్లాడేవాడా అని అడిగిందట. ఒకటి రెండు మూడు అని తెలుగులో లెక్కపెట్టడం నేర్చుకుందట, అది కూడా ఏడు దగ్గరే ఆగుతోందట. అక్కడ నిరోష నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది.

తర్వాత అతను నన్నే ఒకటి అడిగాడు. నిరోష ఫోను ఆపింది. “నీరో ఇప్పటికీ పాడుతుందా, ఎలా పాడుతుంది” అని అడుగుతున్నాడంది. నా ఇంట్లో ఉన్న మనిషి ఎలా పాడుతుందో నాకంటే ఆ కామెంట్లు రాసినవాళ్ళకు ఎక్కువ తెలుసు. “నాకు తెల్వదు. నువ్వే చెప్పు” అన్నాను.

చివర్లో అర నిమిషం మిగిలింది. అతను మెల్లగా ఏదో చెప్పాడు. నిరోష ఫోను ఆపలేదు. ఆఖరిదాకా విన్నది. నేను ఎదురుచూశాను.

“గిది నాకు” అంది.

సరే అన్నాను.

కాసేపటికి లేచి తలుపు వేసింది. ఫ్యాను ఆపేయమంది. అతను ఆపరేషనుకు వెళ్ళేలోపు ఒకసారి పాడి పంపుతానంది. ఫోను ఎక్కడ పెట్టినా గొంతు సరిగ్గా రాలేదు, అందుకని నన్ను పట్టుకోమంది. ఆమె మంచం అంచున కూర్చుంది. నేను కింద కూర్చుని ఆమె గొంతుకు జానెడు దూరంలో ఫోను పట్టుకున్నాను. మొదటిసారి ఎత్తుకోగానే శ్రుతి కుదరక ఆపింది. రెండోసారి మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగింది. మూడోసారికి వచ్చింది. పాటలో ఉన్న గొంతు కాదు. అంతకంటే బరువుగా ఉంది. మేడ మీదివాళ్ళకు, వాడకట్టుకు కూడా వినిపించి ఉంటుంది. రెండో చరణానికి నా చేయి తిమ్మిరెక్కింది. ఫోను కదలకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నాను.

పాడడం అయ్యాక నా చేతిలోంచి ఫోను తీసుకుని పంపింది.

ఆ ఆఖరి అర నిమిషంలో ఏముందో నేను అడగలేదు. ఫోను బల్లమీదే ఉంది. నిరోష వంటింట్లో ఉంది. ఇవాళ అడగలేదు.